ఎడమ పేజీలు

రంగు పెన్సిళ్లంటే నాకు అసహ్యం పుట్టింది ఆ వానాకాలంలోనే. అంతకుముందు వాటితో నాకు ఏ పేచీ లేదు.

నేను పుస్తకాలు బైండు చేస్తాను. మా అన్నయ్య ఇంటి ముందుగదే నా షాపు. మధ్యగదిలో నా మంచం, దాని వెనక చెక్క అడ్డం, అవతల అన్నయ్యా వదినా. వాళ్లకు పిల్లల్లేరు, ఆడపడుచునైన నాకు పెళ్లి కాలేదు, అందుకని ముగ్గురం ఒకే చూరు కింద సర్దుకుపోయాం. సర్దుకుపోవడం అంటే ఎక్కువగా వదినా నేనూ సర్దుకుంటే అన్నయ్య కాళ్లు చాపుకునేవాడు.

జల్లులు మొదలైన వారం మా ప్రార్థనమందిరానికి ఒక బోధకుడు వచ్చాడు. పాస్టరుగారు పిలిపించారు. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, చేతిలో ఒక పెట్టె. పెట్టె తెరిస్తే పెన్సిళ్లు, స్కెచ్ పెన్నులు, తళుకుల పొడి, అంటించే బొమ్మలు. ఆ రోజు నుంచి అందరం ఆయన్ని రంగుల బ్రదర్ అనే అన్నాం.

"మీరు బైబిలు ఎలా చదువుతున్నారో తెలుసా? కరెంటు బిల్లు చదివినట్టు చదువుతున్నారు," అన్నాడు ఆయన. "కళ్లు పోతున్నాయి, మనసు పోవడం లేదు. కొత్తగా చదవండి. నడుస్తూ చెవిలో పెట్టుకుని వినండి. వాక్యంలో మీ పేరు పెట్టుకుని చదవండి. బొమ్మ గియ్యండి. అన్నిటికన్నా మంచిది, చేత్తో రాయండి."

పథకం చెప్పాడు. నలభై రోజులు, నలభై కీర్తనలు. కుడి పేజీలో ఆ రోజు కీర్తన చూసి రాయాలి, చుట్టూ అలంకరించుకోవాలి. ఎడమ పేజీలో, ఆ కీర్తన చదివాక దేవుడితో ఏం చెప్పుకోవాలనిపించిందో సొంత మాటల్లో రాయాలి.

"ఎడమ పేజీ ఎవరికీ చూపించక్కర్లేదు," అన్నాడు. "అది మీకూ దేవుడికీ మధ్య."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది. ఇంటికెళ్లి కాగితాలు కత్తిరించాను. అంటించే బొమ్మలతో పుస్తకం ఉబ్బిపోతుంది, ముందే కుట్టేస్తే అట్ట మూతపడదు. అందుకని పెద్ద కాగితాలు మడిచి, నాలుగేసి కలిపి ఫారాలుగా ఇస్తాను, రాసుకున్నాక తెస్తే కుట్టి అట్ట వేస్తాను అని పాస్టరుగారికి చెప్పాను. ముప్ఫై కుటుంబాలు పట్టుకెళ్లాయి.

పాస్టరుగారు ఇంకో సంగతి కూడా ప్రకటించారు. పాత సంఘపెద్ద మంచాన పడ్డాడు. కొత్తవాడెవరో ఈ నలభై రోజులు అయ్యాక వచ్చే ఆదివారం చెబుతానన్నారు. మా దగ్గర సంఘపెద్దంటే కుర్చీలు వేయించేవాడు కాదు. మొగుడూ పెళ్లాల మధ్య తగువొస్తే ఎదురుగా కూర్చోబెట్టి సర్దిచెప్పేది ఆయనే. ఆయన మాటకు ఆడవాళ్లు పుట్టింటినుంచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

ఆ పదవి మీద మా అన్నయ్య కన్ను పడింది.

అన్నయ్య బస్సు డిపోలో టైంకీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, అన్నీ ఆయన రిజిస్టరులో ఉంటాయి. మైకులో పిలిచేది కూడా ఆయనే. గొంతు బాగుంటుంది, దాంట్లో నాకు అసూయ లేదు. మందిరంలో వాక్యం చదవడానికి నిలబడితే ఏడుస్తున్న పిల్లలు కూడా నోరు మూస్తారు.

ఆ మనిషి కాపురాలు చక్కదిద్దుతాడట. పోయిన ఎండాకాలంలో డ్యూటీ చొక్కా ఆరలేదని మా వదినను కొట్టాడు. ఎడమ చెవి పోయింది. నేను మధ్యగదిలోనే ఉన్నాను, వెళ్లలేదు. మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. "దెబ్బేమైనా తగిలిందా?" అని ఆయన వదినను అడిగాడు. వదిన నా మొహం చూసింది. కూడా వచ్చిన అన్నయ్య వరండాలో ఫోను మాట్లాడుతున్నాడు. "లేదు డాక్టరుగారూ, నెల రోజులుగా చీము కారుతోంది," అన్నాను నేను. డాక్టరు కాసేపు నన్నే చూసి, ఏదో రాసిచ్చాడు. మెట్లు దిగుతూ వదిన, "నేనేమీ అనుకోను," అంది. ఏమైనా అనుకుని ఉంటే బాగుండేది.

వదిన చిన్న పిల్లల బడిలో చేతిరాత నేర్పేది. ఎడమవైపు బెంచీల పిల్లలు పిలిస్తే వినపడక, నెల తిరక్కుండా మానేసింది. ఆ చెవి ఇన్ఫెక్షను కోసం మా సంఘమంతా మూడు వారాలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నా నోటినుంచి వచ్చిన అబద్ధం కోసం అంతమంది మోకాళ్లూనడం చూసి నాకు నా మీదే రోత పుట్టింది. అయినా నోరు విప్పలేదు. షాపు గది అన్నయ్యది, పైకప్పు అన్నయ్యది.

ఫారాలు పంచిన రోజే, భోజనాల దగ్గర అన్నయ్య తేల్చేశాడు.

"నాకు డ్యూటీలు. నువ్వు రాసిపెట్టు," అన్నాడు వదినతో. "నీ చేతిరాత బాగుంటుంది. కాకపోతే నాదిలా ఉండాలి, పక్కకి వాలి."

"కుడి పేజీ సరే. ఎడమ పేజీ?"

"అదీ రాయి."

"మీరు దేవుడికి చెప్పుకునేది నాకెలా తెలుస్తుందండీ?"

"ఇన్నేళ్లు కాపురం చేశావు, ఆ మాత్రం తెలీదూ? నా స్థానంలో నిలబడి రాయి, అంతే."

వదిన గిన్నె మూత పెట్టి, "మరి నాకో పుస్తకం?" అంది.

"ఇంటికి ఒకటి చాల్లే. నాది రాస్తే నీకూ ధ్యానం అయినట్టేగా."

దేవుడితో మాట్లాడే పని కూడా పెళ్లానికి అప్పజెప్పి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాటినుంచి వదిన మధ్యాహ్నాలు నా షాపులో బల్లకు ఆ చివర కూర్చునేది. అన్నయ్య రాసిన పాత సెలవు చీటీలు ముందు పెట్టుకుని రెండ్రోజులు ఆయన రాత సాధన చేసింది. మూడోరోజుకి ఆ వాలు, ఆ గుండ్రాలు, దీర్ఘాలు పైకి లాగే ఆ దర్జా, అన్నీ పట్టేసింది. చూస్తే అన్నయ్యే రాశాడనుకోవాలి. కుడి పేజీ అయ్యాక చుట్టూ ద్రాక్షతీగలు గీసేది. ఎడమ పేజీ దగ్గర మాత్రం చాలాసేపు పెన్ను పట్టుకుని వానవైపు చూసేది.

పొద్దున్నే అన్నయ్యకు ఫోటో కార్యక్రమం. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద తెరిచిన బైబిలు, పొగలు కక్కే కాఫీ కప్పు, పక్కనే వానలో తడిసిన ఆకు ఒకటి. ఆ ఆకు నేనే కోసుకురావాలి. రాసేసిన కుడి పేజీ మీద పెన్ను ఆనించి, కళ్లు సగం మూసేవాడు.

"తియ్యి," అనేవాడు నాతో.

"పెన్ను మూతైనా తియ్యి అన్నయ్యా. మూత పెట్టి ఏం రాస్తున్నావని అడుగుతారు."

"ఎవరూ అంత దగ్గర్నుంచి చూడరు."

నిజమే, ఎవరూ చూడలేదు. సంఘం గ్రూపులో ఆ ఫోటో పడగానే దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు వరదలా వచ్చేవి. మీ భక్తి మాకు ఆదర్శం బ్రదర్. మీ ఏకాంత ధ్యానం చూసి కన్నీళ్లొచ్చాయి బ్రదర్. ఏకాంత ధ్యానానికి ఫోటోగ్రాఫరు ఎందుకని ఒక్కరు కూడా అడగలేదు. కాఫీ చల్లారిపోయేది. దాన్ని వేడిచేసి తాగేది వదిన.

పదిహేనో రోజున రంగుల బ్రదర్ ఇళ్లు చూడ్డానికి బయలుదేరి మా ఇంటికీ వచ్చాడు. ఆ పూట అన్నయ్య సెలవు పెట్టాడు. కుడి పేజీలు ఒక్కొక్కటే తిరగేస్తూ రంగుల బ్రదర్ "అబ్బ, అబ్బ" అన్నాడు. ద్రాక్షతీగల్ని వేలితో తడిమాడు. తర్వాత వదిన ఎడమపక్కన నిలబడి ఏదో అన్నాడు. వదిన పలకలేదు. మళ్లీ గట్టిగా అన్నాడు.

"మీరేం రాయలేదా సిస్టర్? మీ ఆయన్ని చూసి నేర్చుకోండి!"

"ఆమెకు ఆ చెవి ఇన్ఫెక్షన్ బ్రదర్," అన్నాడు అన్నయ్య, గొంతులో జాలి నింపుకుని. "ప్రార్థనలో పెట్టాం."

వదిన ఇద్దర్నీ చూసింది.

"వినపడింది," అంది. "నేర్చుకుంటాను."

నేను జిగురు గిన్నె తీసుకుని పెరట్లోకి పోయాను. ఇంకో క్షణం అక్కడుంటే ఆ జిగురు ఎవరి నెత్తినో పోసేదాన్ని.

నలభై రోజులూ అయ్యాయి. వానలో గొడుగుల కింద, ప్లాస్టిక్ సంచుల్లో, ముప్ఫై ఇళ్ల ఫారాలు నా బల్ల మీదికి చేరాయి.

వాటిని చూస్తే భక్తి ఉన్నవాళ్లకు కూడా పోతుంది. ఒకావిడ పువ్వులు అంటిస్తే చెమ్మకు బూజు పట్టి పేజీలన్నీ నల్లబడ్డాయి. ఇంకో ఇంటివాళ్లది తళుకుల పొడి రాలి నా జిగురంతా మిలమిలలాడింది. వారం రోజులపాటు ఏ లెక్కల పుస్తకం కుట్టినా అట్ట మీద తళుకులే. సిమెంటు కొట్టాయన చేతిరాతలా ఉండే అచ్చులో కంప్యూటరు మీద కొట్టించి తెచ్చాడు. ఎడమ పేజీలు చదవకూడదనే అనుకున్నాను గానీ, వరస చూడకుండా కుట్టలేను కదా. చాలామందివి తెల్లగానే ఉన్నాయి. రంగులన్నీ కుడివైపే ఖర్చయిపోయాయి. పాలావిడ ఒక్కతే ఏ బొమ్మా లేకుండా వంకరటింకర అక్షరాలతో రోజుకో ముక్క రాసింది. ఇవాళ కూడా లేచాను తండ్రీ. ఇవాళ మోకాలు నొప్పి తక్కువ. ఇవాళ కోపమొచ్చింది, పాలల్లో నీళ్లెక్కువ పోశాను. నవ్వొచ్చింది, గౌరవమూ కలిగింది. ఆమె పుస్తకానికి మంచి అట్ట వేశాను.

అన్నయ్యది చివర తీశాను. బల్లకు ఆ చివర వదిన సూదిలో దారం ఎక్కిస్తోంది.

మొదటి పదిహేను ఎడమ పేజీలూ అన్నయ్య మాటలే అన్నట్టున్నాయి. వందనాలు, స్తోత్రాలు, నీ దాసుణ్ని వాడుకో. పదహారో రోజు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అదే వాలు రాత, అదే దీర్ఘాలు.

"తండ్రీ, పోయిన ఎండాకాలంలో ఒక మంగళవారం నా భార్యను కొట్టాను. చొక్కా ఆరలేదని కొట్టాను. చెవి మీద రెండుసార్లు కొట్టాను. ఆమె కింద కూర్చుండిపోతే, లేచి చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాను. చేసింది. ఆ చొక్కాతోనే డ్యూటీకి వెళ్లాను. ఆ రోజు బస్సులన్నీ వేళకే బయలుదేరాయి."

పదిహేడు, పద్దెనిమిది, ఇరవై. అన్నీ అలాగే. ఆమెను పదిమందిలో ఏమన్నాడో, తలుపు ఎన్ని గంటలు గడియ పెట్టాడో, ఏదీ పెద్దది చెయ్యకుండా, ఏదీ వదలకుండా. ఇరవైమూడో రోజున నేనున్నాను.

"నా భార్యకు ఇన్ఫెక్షను అని అందరికీ చెప్పాను. డాక్టరుకు నా చెల్లెలు చెప్పింది. దాన్ని క్షమించు. దానికి నేనంటే భయం."

స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"వదినా, ఇవి అన్నయ్య చూశాడా?"

"లేదు."

"ఏమిటివి?"

"ఆయన స్థానంలో నిలబడి రాయమన్నారుగా. నిలబడ్డాను. ఆయన దేవుడితో చెప్పుకోవలసింది ఇదే కనిపించింది," అంది వదిన, సూదివైపే చూస్తూ.

"ఆదివారం అందరి ముందూ ఎడమ పేజీ ఒకటి చదవాలట. సంఘపెద్ద కాబోయేవాడే చదవాలట, అంటే అన్నయ్యే. రంగుల బ్రదర్ మొన్న గ్రూపులో పెట్టాడు," అన్నాను.

"ఎవరికీ చూపించక్కర్లేదన్నాడుగా ఆయన?"

"పదిమందిలో సాక్ష్యం చెప్పాలంటున్నాడు ఇప్పుడు."

వదిన పెదవి విరిచింది. "గురువారానికి నువ్వు కుట్టేస్తే మూడు రోజులు ఆయన చేతిలోనే ఉంటుంది. తన ధ్యానం తను ఒక్కసారి చదువుకుంటే తెలిసిపోతుంది. ఆ తర్వాత చింపుతారో, ఏం చేస్తారో ఆయన ఇష్టం."

"చదవకపోతే?"

ఆమె దారం తెంపి ముడి వేసింది. "నీకు భయమైతే ఆ కాగితాలు తీసెయ్. నేనేమీ అనుకోను."

తీశాను. అవును, తీశాను. మడతలో ఒక కాగితం తీస్తే దాని జత సగం కూడా పోతుంది, అంటే వేరే రోజులు కూడా పోతాయి. పోతే పోనీ, ఏ రోజు ఉందో ఏ రోజు లేదో కనిపెట్టేదెవరని తీసి బరువు చెక్క కింద దాచాను. వదిన చూసి లోపలికెళ్లింది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. క్షమించు, దానికి భయం. ఆ రెండు ముక్కలే చెవుల్లో తిరిగాయి. ఇంతకన్నా నన్ను తిట్టి ఉంటే ఊరుకునేదాన్నేమో.

పొద్దున్నే లేచి కాగితాలు వాటి చోట వాటిని పెట్టి కుట్టాను. చేత్తో లాగితే ఊడిరాకుండా జంట దారం వేసి కుట్టాను. పదహారో రోజు పేజీలో రిబ్బను పెట్టాను.

గురువారం మధ్యాహ్నం పుస్తకం అన్నయ్య చేతికిచ్చాను. ముదురు నీలం అట్ట, మీద బంగారు అక్షరాలతో ఆయన పేరు. ముందు తిప్పాడు, వెనక తిప్పాడు, అట్ట మీద వేలితో రుద్ది చూశాడు. ఫోటో తీయించుకున్నాడు. తెరవలేదు. చెమ్మ తగులుతుందని ప్లాస్టిక్ కవరులో పెట్టి అలమారులో పెట్టాడు.

శుక్రవారం పోయింది. ఆయన అలమారు తెరిచిన చప్పుడైతే సూది ఆపి వినేదాన్ని. సాక్సులు తీసుకుని మూసేవాడు.

శనివారం భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాను.

"అన్నయ్యా, రేపు చదవబోయేది ఒకసారి చూసుకోరాదూ?"

"దేనికే? మైకులో రోజుకి రెండొందలసార్లు చదువుతాను. కాగితం చేతిలో పెడితే చాలు."

"అది బస్సుల జాబితా కాదు. నీ ప్రార్థన."

"నా ప్రార్థన నాకు తెలీదా?" అని నవ్వాడు. "నాకు చెప్పొచ్చావా నువ్వు?"

వదిన ఆయన గ్లాసులో నీళ్లు పోసింది. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. నేను ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం మందిరం నిండిపోయింది. రేకుల మీద వాన. బల్ల మీద ముప్ఫై పుస్తకాలు వరసగా పేర్చి, చుట్టూ రంగు కాగితాలు కట్టారు. రంగుల బ్రదర్ పుస్తకాల ముందు నిలబడి ఫోటోలు దిగాడు. ఆ ముప్ఫైలో ఒక్కటి తెరిచి ఒక్క ముక్క చదివిన పాపాన పోలేదు.

"ఇప్పుడు మన బ్రదర్ తన ఎడమ పేజీ ఒకటి మనతో పంచుకుంటారు," అన్నాడు.

అన్నయ్య లేచాడు. చొక్కా తెల్లగా మెరుస్తోంది. పాస్టరుగారి పక్కన నిలబడి, బల్ల మీదున్న తన పుస్తకాన్ని కవరులోంచి తీసి, రిబ్బను పట్టుకుని తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"తండ్రీ, పోయిన ఎండాకాలంలో ఒక మంగళవారం నా భార్యను..."

ఆగాడు. కళ్లు పేజీ మీద కిందికి జారడం నాకు కనిపించింది. ఇప్పుడైనా, అనుకున్నాను. పుస్తకం మూసి కూర్చున్నా చాలు, అనుకున్నాను.

"...నా భార్యను నువ్వు చెవి బాధతో పరీక్షించావు తండ్రీ," అన్నాడు అన్నయ్య. గొంతు వణికించాడు, ఎంత వణకాలో అంతే. "ఆ పరీక్షలో నాకు సహనం నేర్పావు. రాత్రింబవళ్లు ఆమెకు సేవ చేసే భాగ్యం నాకిచ్చావు."

పేజీ కూడా తిప్పాడు. తిప్పి, ఆ రెండో పేజీ మీద కళ్లు పెట్టి, ఇంకా చదివాడు. అక్కడ ఏముందో నాకు తెలుసు. ముందు వరసలో పాస్టరుగారి భార్య కళ్లొత్తుకుంది. "ఆమెన్" అంది సంఘమంతా.

పాస్టరుగారు పక్కనే ఉన్నారు కదా. మెడ చాచి పేజీలోకి చూశారు, చదివే వాక్యం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు. వెతకడం ఆగింది. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి. తలెత్తి ఆడవాళ్లవైపు, మా వదినవైపు చూశారు. తర్వాత నెమ్మదిగా పుస్తకం మీద చెయ్యి వేసి మూసేశారు.

"చాలు బ్రదర్. ఆమెన్," అన్నారు. చెమట తుడుచుకున్నారు. "మన కొత్త సంఘపెద్దగా..."

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకే తెలీదు.

"అయ్యగారూ, ఆ పుస్తకం కుట్టింది నేను. అందులో ఉన్నది ఆయన చదవలేదు. మీరు చదివారు."

"కూర్చోమ్మా," అన్నారు పాస్టరుగారు. "ఇంటి విషయాలు ఇంట్లో మాట్లాడుకుందాం."

"సిస్టర్, ఎడమ పేజీ వ్యక్తిగతం," అన్నాడు రంగుల బ్రదర్.

వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేదు.

"అయితే నాది చెప్తాను," అన్నాను. "మా వదినకు ఇన్ఫెక్షను లేదు. చెవి పోయింది దెబ్బకి. డాక్టరుకి అబద్ధం చెప్పింది నేను."

పాలావిడ "అయ్యో తల్లీ" అంది. కొందరు నన్ను చూశారు, కొందరు తమ పాదాలు చూసుకున్నారు. మా వదిన లేచింది. నడిచివెళ్లి, పాస్టరుగారి చేతికింద నుంచి పుస్తకం తీసుకుని, గుమ్మం దగ్గర తన గొడుగు వెతుక్కుని బయటికి వెళ్లిపోయింది. ఆమె వెనకే నేనూ వెళ్లాను. మేం గేటు దాటేసరికి లోపల పాట మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం గ్రూపులో ఒక ముక్క వచ్చింది. అనివార్య కారణాల వల్ల సంఘపెద్ద ఎన్నిక వాయిదా. కింద ముప్ఫై పుస్తకాల ఫోటో, దానికి పువ్వుల బొమ్మలు.

కానీ అంతకుముందే, మధ్యాహ్నమే, వదిన సంచి సర్దుకుంది. రెండు జతల బట్టలు, డాక్టరు చీటీ, బడిలో ఇచ్చిన సర్టిఫికెట్టు. వాళ్ల అక్కయ్య ఇంటికి వెళ్తోంది. అన్నయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అరుస్తాడేమోనని నేను ఇద్దరికీ మధ్య నిలబడ్డాను. ఈసారి నిలబడ్డాను. ఆయన అరవలేదు, గోడ గడియారం చూశాడు.

వదిన నీలం అట్ట పుస్తకం ఆయన ముందు పెట్టింది.

"ఇది మీది. మీ పేరుంది."

"పన్నెండున్నర బస్సు పోయింది," అన్నాడు అన్నయ్య, ఆమెవైపు చూడకుండా. "తర్వాతది ఒంటిగంటా పదికి."

"తెలుసు," అంది వదిన.

నేను వీధి చివరిదాకా సంచి మోశాను. వదిన బస్సు మెట్టెక్కి, "నువ్వు కూడా రా," అంది. షాపులో ఒప్పుకున్న పని ఉందని, ఇంకో వారంలో గది చూసుకుని బయటపడతానని చెప్పాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.

తిరిగొచ్చేసరికి అన్నయ్య చదువుతున్నాడు. కిటికీ పక్కన, ఫోటోలు దిగిన ఆ బల్ల దగ్గరే. కాఫీ లేదు, ఆకు లేదు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. కుడి పేజీలు తిప్పేస్తూ ఎడమవి మాత్రం వేలు పెట్టి చదువుతున్నాడు. ఆ వానాకాలమంతటిలో ఆయన నిజంగా చదవడం అప్పుడే చూశాను. గుమ్మంలో తడిసిన గొడుగుతో నిలబడిపోయాను. పదహారో రోజు దగ్గరికి వచ్చాడు. అక్కడ వేలు ఆగింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. చూడండి, నేనెంత పిచ్చిదాన్నో.

జేబులోంచి పెన్ను తీశాడు.

"రెండుసార్లని రాసింది," అన్నాడు నాతో, రిజిస్టరులో తప్పు దొరికిన గొంతుతో. "ఒక్కసారే."

పెన్ను ఆ మాట మీద పెట్టాడు.

"రెండు," అన్నాను. "మొదటిది విని నేను లేచి నిలబడ్డాను, ఆపుదామని. అప్పుడు రెండోది వినపడింది. నేను మళ్లీ కూర్చున్నాను."